ద్వీపయాత్ర – అతిథి ధర్మం

యాత్రకు బయలుదేరేవారు వెంట ఏమి తీసుకువెళ్లాలా అని ఆలోచించడం సహజం. ద్వీపయాత్రికులు అక్కడ ఏమి వదలరాదో, అక్కడినుండి ఏమి తేరాదో కూడా ఆలోచించాలి. ఇందుకు బంగాళాఖాతంలోని అండమాన్ దీవులే తగిన ఉదాహరణ. ఈ దీవులు తెలుగువారికి కొత్తవి కావు. ఉత్తరాంధ్ర తీరం నుండి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు అనేకం. ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు.

మే నుండి సెప్టెంబరు వరకు అక్కడ నైరుతి ఋతుపవనాల ప్రభావం అధికం. సముద్రం అల్లకల్లోలమైతే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. కనుక తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంచుకోవడం వివేకం. ఆ దీవులు ఎంతో తూర్పున ఉన్నా, అక్కడా భారత ప్రామాణిక కాలమే అమలులో ఉంది. అందువల్ల శీతాకాలంలో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే సూర్యాస్తమయమవుతుంది. చూడదలచినవన్నీ పొద్దున్నే మొదలుపెట్టాలి.

జనవరి నుండి ఏప్రిల్ వరకు పర్యటనకు అనువైన కాలం. అయితే, ద్వీపవాసులకు నీటి ఎద్దడి ఏర్పడేది కూడా అప్పుడే. శ్రీ విజయపురానికి నీరందించే ధనిఖారి జలాశయానికి వర్షమే ఆధారం. పుష్కలమైన నీటికి అలవాటుపడిన అతిథి అక్కడ బక్కెట్టు నీటితో స్నానం ముగిస్తే, ఆతిథ్యమిచ్చిన ఇంటికి మేలు చేసినవాడే.

ప్రవాళాలు రాళ్లు కావు, ప్రాణులు. 2010లో సముద్రజలం వేడెక్కడంతో అక్కడి ప్రవాళాలు విస్తారంగా తెల్లబారి నశించాయి. మిగిలినవాటిని తొక్కడం, విరిచి జ్ఞాపికలుగా తేవడం తగదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా అందుకు అంగీకరించదు.

బారాటాంగ్ సున్నపురాతి గుహలకు వెళ్లే రహదారి జారవా తెగవారి అరణ్యం గుండా సాగుతుంది. అక్కడ వాహనం ఆపరాదు, ఛాయాచిత్రాలు తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు. ఒక్క బిస్కెట్టు ఇస్తే తప్పేమిటని కొందరి ప్రశ్న. బయటివారి వ్యాధులను తట్టుకునే శక్తి ఆ తెగకు తక్కువ. 1999లోను, 2006లోను వారిలో తట్టు వ్యాపించింది. కాబట్టి ఆ బిస్కెట్టు దయకు గుర్తు కాదు, అజ్ఞానానికి గుర్తు.

యాత్రికులు వెచ్చించే ధనం ద్వీపవాసులకు జీవనాధారమన్న మాట సత్యమే. అయితే, ధనం చెల్లించినంత మాత్రాన ఆ నీటిపైన, ఆ ప్రాణులపైన, ఆ మనుషులపైన హక్కు లభించదు. ఆతిథ్యమిచ్చేవారి ధర్మాన్ని మన పెద్దలు ఎంతగానో బోధించారు. అతిథికీ ధర్మమున్నదని గ్రహించిన యాత్రికుడే ఏ ద్వీపానికైనా వెళ్లదగినవాడు.