వయ్యారిభామను పూయనివ్వకండి

బందరు కాలువ గట్లపై, బెజవాడ ఖాళీ స్థలాల్లో క్యారెట్ వంటి ఆకులతో, తెల్లని చిరుపూలతో ఊగే వయ్యారిభామను పిచ్చిమొక్కేనని ఉపేక్షించడం ప్రజారోగ్యానికి ద్రోహం. 1950వ దశకంలో పూణెలో గుర్తించబడి దేశమంతా వ్యాపించిన ఈ మొక్కలోని పార్థెనిన్ చర్మాన్ని పుండు చేస్తుంది. పుప్పొడి ఉబ్బసాన్ని రేపుతుంది. మేసిన గేదెల పాలు చేదెక్కుతాయి. మేము రాసే పూతమందు దురదను తగ్గించగలదు గాని, గట్టుమీది కారణాన్ని తొలగించలేదు.

పూత ముదిరాక కోయించి ‘శుభ్రం చేశాం’ అనడం పారిశుద్ధ్యమా, విత్తనాలు చల్లడమా? ఒక్కో మొక్క వేలాది గింజలు రాలుస్తుంది; మిగిలిన మొదలు మళ్లీ చిగురిస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు, పూతకు ముందే, వేళ్లతో సహా పెకలించాలి. చేతితొడుగులు, ముఖానికి మాస్కు ఇవ్వకుండా కార్మికులను ఆ పనికి దించడం మరో అన్యాయం. రోగం వచ్చాక మందుకు వెచ్చించే సొమ్ముకన్న తొడుగుల ఖరీదు ఎక్కువా?