గుంజ లావైతే చాలదు

మిరపతోటలో కాపలాకు వేసే మంచె మీరు చూసే ఉంటారు. నాలుగు గుంజలు, పైన అడ్డకర్రలు, వాటిమీద తడిక. ముగ్గురెక్కి కూర్చున్నా కిందికి కుంగదు. అదే మంచెను పక్కనుంచి ఒక్క చేత్తో తోసి చూడండి, ఊగుతుంది! బరువు మోయడం వేరు, పక్కతోపుకు నిలవడం వేరు. మన పాకలు, పూరిళ్లు కట్టేవారు డబ్బంతా మొదటిదానికే పెడుతున్నారని నా ఫిర్యాదు.

నాలుగు పత్తికట్టె ముక్కలను మూలల్లో దారంతో కట్టి చతురస్రం చేయండి. పక్కకు నెట్టండి. వాలిపోయింది కదా! పుల్లలేవీ విరగలేదు, మూలలు తిరిగాయి, అంతే. రెండింతలు లావు పుల్లలు పెట్టినా ఇదే జరుగుతుంది. ఇప్పుడు ఎదురెదురు మూలలను కలుపుతూ ఐదో పుల్ల కట్టండి. ఇక వాలదు. చతురస్రం రెండు త్రిభుజాలైంది. భుజాల పొడవు మారనిదే త్రిభుజం ఆకారం మారదని మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. పరీక్షకోసం చదివిన ఆ సంగతి గొడ్లపాకకు పనికొస్తుందని ఎవరూ చెప్పరు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుఫాను గుంటూరు జిల్లా తీరాన్నీ విడిచిపెట్టలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. సెకనుకు 25 మీటర్ల గాలి చదరపు మీటరు గోడను సుమారు 38 కిలోల బరువంత బలంతో తోస్తే, 50 మీటర్ల గాలి 150 కిలోలంత బలంతో తోస్తుంది. మన కోస్తాలో ఇంజనీర్లు లెక్కలోకి తీసుకునేది ఈ రెండో వేగాన్నే.

1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో భూకంపమూ వచ్చింది. దాని తోపు ఇంటి బరువునుబట్టి ఉంటుంది కనుక అక్కడ తేలికైన పూరిల్లు రాతిగోడకన్నా నయం. గాలికి మాత్రం ఆ తేలికే చేటు.

వాలుకర్ర పెడితే దారికి అడ్డమంటారు పెద్దలు. నిజమే, కానీ తలుపు లేని గోడలో పెట్టవచ్చుగా! ఒక్కటి చాలదు. గాలి ఒకవైపునుంచి వీస్తే ఆ కర్రమీద ఒత్తిడి పడుతుంది, ఎదురు దిక్కునుంచి వీస్తే లాగుడు పడి మేకులు ఊడతాయి. తుఫాను కన్ను దాటాక గాలి దిక్కు తిరుగుతుంది కదా! అందుకే గుణకారం గుర్తులా రెండు కావాలి, పొడుగు గోడల్లోనూ అడ్డగోడల్లోనూ. మట్టి మెత్తిన తడిక కూడా కొంతవరకు ఈ పని చేస్తుంది, చట్రానికి బిగించి కట్టి ఉంటేనే సుమా.

చట్రం వాలకుండా నిలిస్తే ఆ తోపు ఎక్కడికి పోతుంది? గుంజల మొదళ్లకు. గాలి తగిలేవైపు గుంజ పైకి లేవబోతుంది. పాతేటప్పుడే దాని అడుగున అడ్డంగా ఒక కర్ర బిగించి, గుంతను గట్టిగా దిమ్మిస పెడితే, పైనున్న మట్టి బరువు ఆ గుంజను లేవనివ్వదు.