ఒక పాత ఆటకు జీర్ణోద్ధరణ

పాత గుడికి జీర్ణోద్ధరణ తలపెట్టినప్పుడు ఊళ్ళో వచ్చే తగవే పాత ఆటకూ వస్తుంది. ఒక్క రాయి కూడా కదపవద్దనేవారు కొందరు, పాలరాయి పరిపించమనేవారు మరికొందరు. ఎవరి భక్తినీ శంకించనక్కరలేదు. నేను అభిమానించే రూన్‌స్కేప్ అనే అంతర్జాల ఆట పాతికేళ్ళలో పొందిన మార్పులను తలచుకుంటే నాకొకటి తోస్తుంది. మార్పు మంచిదా చెడ్డదా అని తేల్చేముందు, అది ఎవరిని అడిగి చేశారో చూడాలి.

ఎరుగనివారి కోసం నాలుగు మాటలు. ఇంగ్లండులో ఆండ్రూ గవర్, తన సోదరుడు పాల్ తోడ్పాటుతో, 2001 జనవరిలో ఈ ఆటను జనంలోకి వదిలాడు. తరువాత కేంబ్రిడ్జిలోని జాగెక్స్ సంస్థ దానిని నడుపుతూ వచ్చింది. ఆ రోజుల్లో అది జావా ఆధారంగా బ్రౌజరులోనే నడిచేది. కాబట్టి కంప్యూటరులో ఏమీ స్థాపించుకునే పని లేకుండా, ఇంటర్నెట్ కేంద్రంలో గంటకింత చెల్లించి ఆడేవారికి సైతం అందుబాటులో ఉండేది. అదొక మధ్యయుగపు ఊహాలోకం. చెట్లు కొట్టాలి, చేపలు పట్టాలి, గనులు తవ్వాలి, కత్తులు చేసుకోవాలి, రాక్షసులతో పోరాడాలి. ప్రతి విద్యలోనూ ఒకటి నుండి 99 వరకు మెట్లున్నాయి. చివరి మెట్టెక్కడానికి కోటీ ముప్ఫై లక్షలకు పైగా అనుభవ పాయింట్లు కావాలి. 92వ మెట్టుకు చేరినవాడు నిజానికి సగం దారిలోనే ఉంటాడు!

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, వివాదమంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఆటగాడు అక్కడ పెట్టినది వినోదానికి మించినది. నెలలు, సంవత్సరాలు పెట్టాడు. తయారీదారు ఒక నియమాన్ని మార్చిన మరునాడు ఆ శ్రమ విలువ పెరగవచ్చు, తరగవచ్చు, గాలిలో కలిసిపోవచ్చు.

2007 డిసెంబరులో అదే జరిగింది. ఆటలోని బంగారాన్ని నిజమైన డబ్బుకు అమ్ముకునేవారిని అరికట్టడానికి, వైల్డర్నెస్ ప్రాంతంలో ఆటగాళ్ళ మధ్య సాగే పోరును సంస్థ తొలగించింది. 2008 జనవరిలో సరిసమానం కాని ఇచ్చిపుచ్చుకోళ్ళపై ఆంక్షలు పెట్టింది. వ్యాధి నిజమైనదే. కాని మందు దొంగతో పాటు దొరకూ పడింది. మిత్రునికి విలువైన వస్తువు కానుకగా ఇవ్వడానికి కూడా హద్దులు వచ్చాయి. ఓట్లు అడిగితే 91 శాతం మంది పాత పద్ధతే కావాలన్నారు. 2011 ఫిబ్రవరిలో రెండింటినీ తిరిగి తెచ్చారు. మరుసటి ఏడాది నవంబరులో, అనగా 2012లో, పోరాట విధానాన్నే సమూలంగా మార్చివేశారు. ముందుగా పరీక్షా రూపాన్ని చూపించారే కాని, వద్దనే అవకాశం ఇవ్వలేదు. ఎందరో అభిమానులు ఆటను విడిచిపోయారు.

అప్పుడు జరిగినది ఆటల చరిత్రలో అరుదైన విషయం. 2007 ఆగస్టు నాటి ఆట ప్రతి ఒకటి సంస్థ వద్ద భద్రంగా ఉన్నదని తేలింది. దాన్ని పునరుద్ధరించాలా అని ఓట్లు అడిగితే దాదాపు నాలుగున్నర లక్షలు పడ్డాయి. 2013 ఫిబ్రవరి 22న ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ వెలువడింది. ఇకపై కొత్త చేర్పులకు 75 శాతం ఆటగాళ్ళ సమ్మతి ఉండాలన్న ఆచారం అక్కడ నెలకొన్నది. 2022లో దానిని 70 శాతానికి తగ్గించారు.

ఈ ఓట్లు ఆటను శిలావిగ్రహం చేయలేదని గమనించండి. 2007 ఆగస్టు ప్రతిలో లేని గ్రాండ్ ఎక్స్‌ఛేంజి అనే అంగడి 2015లో ఓటు మీదనే వచ్చింది. దానితో వీధిలో నిలబడి సరుకులమ్ముకునే కేకలు సద్దుమణిగాయి. ఆ కేకలంటే నాకిష్టం. అయినా పోగొట్టుకున్నది మేము ఎంచుకొని పోగొట్టుకున్నాం కనుక మనసుకు సర్దిచెప్పుకోగలను. నౌకాయానం కథ ఇంకా ముచ్చటైనది. ఏప్రిల్ ఫూల్ పరిహాసంగా పుట్టి, 2015లో ఓటులో ఓడి, 2023లో నెగ్గి, 2025 నవంబరులో ఇరవై నాలుగవ విద్యగా ఆటలో చేరింది.

ఇందులో లోపాలు లేవనను. ఒక కఠినమైన పని సులువయ్యే ప్రతిపాదన వస్తే, దాన్ని కష్టపడి పూర్తిచేసినవారే ముందుగా వద్దంటారు. నేను పడ్డ పాట్లు నీవూ పడు అన్నది వారి వాదన. అత్తా ఒకింటి కోడలే అన్న సామెత వీరికి గుర్తురాదు. ఇంకా ఆటలోకి రానివానికి ఓటు ఉండదు, కాని ఆట రేపు నిలిచేది వానివల్లనే. మోసాలను అరికట్టే దిద్దుబాట్లకు సైతం ఓటు కావాలంటే దొంగలను పిలిచి తాళం సంగతి అడిగినట్లే. అటువంటివి నిర్వాహకులు తమంత తాముగా చేయడమే న్యాయం.

అయినా ఓటే మేలంటాను. ఆట యజమానులు మారుతుంటారు. జాగెక్స్ 2021లో కార్లైల్ చేతికి, 2024లో సివిసి చేతికి వెళ్ళింది. పెట్టుబడి సంస్థకు పాత ఆటపై మమకారం ఉండాలని ఆశించలేము. ఇట్టి స్థితిలో ఆటగానికున్న రక్ష ఈ ఆచారమొక్కటే. అది చట్టం కాదు, యజమాని తలచుకుంటే ఒక్క ప్రకటనతో పోతుంది. కాబట్టి దాన్ని అనవసరమైన మొండిపట్టులకు వాడి పలుచన చేయకపోవడం మా బాధ్యత. తదుపరి ప్రశ్నకు వద్దని నొక్కేముందు, నిన్ననే మొదటి చెట్టు కొట్టిన ఆటగాడిని ఒక్క క్షణం తలచుకోవాలని సాటి అభిమానులకు నా మనవి.

మీరు ఏళ్ళ తరబడి అంటిపెట్టుకున్న ఆటలోనో, మరే వ్యాపకంలోనో ఇటువంటి తగవు వచ్చిందా? వస్తే, మిమ్మల్ని ఎవరైనా అడిగారా?