ఏటి నీటిలో పందెం

పన్నెండో శతాబ్దంలో కల్యాణి రాజధానిగా పాలించిన చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథాన్ని రచించాడు. రాజనీతి, వంటకాలు, సంగీతం మొదలైన అనేక విషయాలతో పాటు ‘మత్స్యవినోదం’ కూడా అందులో చోటు చేసుకుంది. ఏ చేపకు ఏ ఎర ప్రీతికరమో, గాలపు తాడు ఎలా ఉండాలో, కర్ర ఎలా ఉండాలో ఆ రాజు ఎంతో ఓపికగా వివరించాడు. అయితే అది ఏలికవారి కాలక్షేపం. ఆయనకు పోటీదారు లేడు, గడువు లేదు, చేప చిక్కకపోతే చిన్నబుచ్చుకోవలసిన అవసరమూ లేదు. వినోదం పందెంగా మారినప్పుడే న్యాయాన్యాయాల ప్రశ్న పుడుతుంది. పందెంలో నిలిచినవారు పదిహేను, పదహారేళ్ల పిల్లలైతే వారి ప్రాణాల బాధ్యత కూడా దానికి తోడవుతుంది.

నేనిక్కడ ప్రస్తావించదలచినది ‘ఫ్లై ఫిషింగ్’ పోటీలను. వానపామును గుచ్చి, బెండు మునిగేదాకా చెరువుగట్టున కూర్చునే మన పద్ధతికి ఇది భిన్నమైనది. ఇందులో ప్రాణమున్న ఎర ఉండదు. చిన్న కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి ఈగనో, నీటిపురుగునో పోలిన బొమ్మను తయారు చేస్తారు. ఆ బొమ్మకు బరువు లేదు కనుక విసిరినా దూరం పోదు. బరువంతా దారంలోనే ఉంటుంది. పొడవాటి సన్నని కర్రతో ఆ దారాన్ని వెనుకకూ ముందుకూ ఆడించి, ఈకల ఈగ నిజమైన ఈగలా నీటిపై వాలేటట్లు చేయాలి. చల్లని ఏటిలో మోకాలి లోతునో, తొడల లోతునో నిలబడి చేసే పని ఇది. వెతికేది ముఖ్యంగా ట్రౌట్ చేపను. ఈ క్రీడలో 1981లో లక్సెంబర్గ్‌లో ప్రపంచపోటీలు ఆరంభమయ్యాయి. తరువాతి కాలంలో కౌమారదశలోని వారికి ప్రత్యేకంగా ప్రపంచపోటీలు ఏర్పడ్డాయి. ట్రౌట్ చేపలను మన దేశానికి తెచ్చినవారు ఆంగ్లేయులు. కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్, నీలగిరుల చల్లని నీటిలో అవి నేటికీ ఉన్నాయి.

పరుగుపందెంలో గీత అందరికీ ఒక్కటే. ఏటికి అటువంటి గీత గీయలేము. ఒకచోట బండల చాటున చేపలు గుంపుగా ఉంటాయి. నూరు గజాల దిగువన ఒక్కటీ ఉండదు. మంచిచోటు దొరికిన బాలుడికి బహుమతి ఇస్తే అది నేర్పుకు ఇచ్చినట్లా, అదృష్టానికి ఇచ్చినట్లా? ఈ చిక్కును అంతర్జాతీయ పోటీలు విప్పిన తీరు నాకెంతో నచ్చింది. పోటీ జరిగే జలాలను కొన్ని భాగాలుగా విభజిస్తారు. ప్రతి భాగాన్నీ మళ్లీ చిన్న చిన్న వంతులుగా చేస్తారు. ఎవరికి ఏ వంతు దక్కాలో చీట్లు తేలుస్తాయి. ప్రతి జట్టు నుంచి ఒక్కొక్కరు ఒక్కొక్క భాగానికి వెళతారు. మూడేసి గంటల విడతలు గడిచేకొద్దీ భాగాలు మారుతూ ఉంటారు. అసలు కిటుకు లెక్కింపులో ఉంది. ఎగువ భాగంలో ప్రథముడు పన్నెండు చేపలు పట్టాడనుకోండి. దిగువ భాగంలో నీరు కలకబారి, అక్కడి ప్రథముడికి మూడే దొరికాయనుకోండి. ఇద్దరికీ స్థానం ఒకటే, ‘ఒకటి’. పన్నెండును మూడుతో పోల్చరు. ఒకే నీటిలో నిలిచినవారిని మాత్రమే ఒకరితో ఒకరిని పోలుస్తారు. చివరకు స్థానాల మొత్తం ఎవరికి తక్కువైతే వారు విజేత. లోకంలో అందరికీ ఒకే నీరు దొరకదని అంగీకరించి, ఆ పిమ్మట న్యాయం వెదికిన పద్ధతి ఇది. పరీక్షల మార్కులను బట్టి పిల్లలను తూచే మనవంటి ఉపాధ్యాయులం దీనిని కొంచెం శ్రద్ధగా గమనించవలసి ఉంది.

చీట్లు సరిచేయలేని అన్యాయాలు మరి రెండున్నాయి. ఒకటి పనిముట్ల ఖరీదు. సంపన్నుల బిడ్డ చేతిలోని కర్రకూ, పేదవాడి చేతిలోని కర్రకూ ఉండే తేడా చిన్నది కాదు. పెద్దల పోటీల సంగతి ఎలా ఉన్నా, పిల్లల పోటీలో నిర్వాహకులే అందరికీ ఒకే రకం కర్ర, ఒకే రకం దారం ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. ఈకల ఈగను మాత్రం ఎవరికి వారే కట్టుకోవాలి, ఆ నేర్పు పిల్లలది కనుక. రెండవది ఏటితో పరిచయం. ఆ ఒడ్డునే పెరిగిన పిల్లవాడికి ప్రతి బండా తెలుసు. దాన్ని చెరిపివేయలేము, చెరిపివేయనక్కరలేదు కూడా. పోటీకి ముందు కొన్నాళ్లు ఆ నీటిలో ఎవరూ గాలం వేయరాదన్న నియమం చాలు.

నియమాలన్నీ ముందుగానే ప్రకటించాలి. చేపకు సంబంధించిన పందెం అనగానే మనకు మత్స్యయంత్రం గుర్తుకు వస్తుంది. విల్లు అందరికీ ఒక్కటే, గురి అందరికీ ఒక్కటే. అయినా కొన్ని భారత పాఠాలలో కర్ణుడు లేచి నిలిచిన తరువాత, సూతుణ్ణి వరించనని ద్రౌపది పలుకుతుంది. మరికొన్ని పాఠాలలో అతడు ఆ వింటిని ఎక్కుపెట్టలేకపోతాడు. పాఠభేదాల చర్చ తరగతిగదిలో చేసుకుందాం. పందేనికి లేచి నిలబడ్డాక వినవచ్చిన నిబంధన కర్ణుణ్ణి ఎంత నొప్పించి ఉంటుందో ఊహించడానికి మాత్రం ఏ పాఠమైనా చాలు.

చిక్కిన చేపను కొలిచేందుకు ప్రతి వంతు దగ్గర ఒక పర్యవేక్షకుడు ఉంటాడు. నిర్ణీతమైన పొడవుకు తక్కువైన చేప లెక్కలోకి రాదు. ఒక సెంటీమీటరు కోసం చేప తోక సాగదీయాలన్న ఆశ పిల్లవాడికి పుట్టవచ్చు. అతని తండ్రికి ఇంకా త్వరగా పుడుతుంది. కనుక కన్నవారూ, శిక్షకులూ పర్యవేక్షకులు కారాదు. వారు నిలబడే చోటు కూడా కేకలు వినబడనంత దూరంగా ఉంటే మేలు.

కొలిచిన వెంటనే చేపను నీటిలోకి వదిలిపెట్టాలి. అందుకే ఈ పోటీల్లో వెనుకముల్లు లేని కొక్కేన్నే అనుమతిస్తారు. అది చేప నోటినుంచి సులువుగా వస్తుంది. పొరపాటున పిల్లవాడి చేతికి గుచ్చుకున్నా అంతే సులువుగా వస్తుంది. వదిలేశాం కదా, బాధ ఏముందని తేలికగా అనుకోకూడదు. రెయిన్‌బో ట్రౌట్ తలభాగంలో నొప్పికి స్పందించే నాడులున్నాయని లిన్ స్నెడన్, ఆమె సహచరులు 2003లో ప్రకటించారు. వదిలివేయడమే ఉద్దేశంగా చేపలు పట్టడాన్ని స్విట్జర్లాండ్ చట్టం ఒప్పుకోదు. భాగవతంలో సత్యవ్రతుడు దోసిట పడిన చేపపిల్లను ఏటిలోకి విడువబోతే, పెద్ద చేపలు మింగుతాయి, విడువవద్దని అది వేడుకొంటుంది. విడిచిపెట్టడంతో మన బాధ్యత తీరిపోదని ఆ కథ నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఈ క్రీడ పూర్తిగా నిర్దోషమని నేను వాదించను. ఆడదలచినవారు చేతులు తడిపి చేపను పట్టుకోవాలి, దానిని నీటిలోనే ఉంచి కొక్కెం తీయాలి, ఎండలకు నీరు వెచ్చబడిన నాడు పోటీ మానుకోవాలి. వెచ్చని నీటిలో అలసిన ట్రౌట్ తేరుకోవడం కష్టం.

ఇక క్షేమం. హిమాచల్ ప్రదేశ్‌లో తీర్థన్ అనే అందమైన ఏరు ఉంది, ట్రౌట్‌కు పేరుపొందినది. అది లార్జీ వద్ద బియాస్ నదిలో కలుస్తుంది. ఆ సంగమానికి కొద్ది దూరం దిగువన, థలౌట్ దగ్గర, 2014 జూన్ 8న హైదరాబాదుకు చెందిన ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు విహారయాత్రలో భాగంగా ఏటిలోని బండలపై నిలబడి ఉన్నారు. ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా వారిని చుట్టుముట్టింది. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయి ప్రాణాలు విడిచారు. వారిలో ఎవరూ పందెంలో లేరు. నీరు పెరగడం కనబడితే ఒడ్డుకు పరుగెత్తవద్దని వారిని ఆపే బహుమతి ఏదీ లేదు. అయినా వ్యవధి చాలలేదు. అటువంటి ఏటిలో, చివరి పది నిమిషాల్లో ఒక్క చేప వెనుకబడి ఉన్న పదహారేళ్ల బాలుణ్ణి ఊహించండి. నీరు మోకాలు దాటినా అతడు కదలడు.

అందువల్ల ఎగువన ఆనకట్ట ఉంటే, ఆనాటి నీటి విడుదల వేళలు చేతికి రానిదే పోటీ ఆరంభించకూడదు. ఈత రానివారిని నీటిలోకి దించకూడదు. లైఫ్ జాకెట్, ఊతకర్ర అందరికీ ఉండాలి. నీరు చొరని పొడవాటి దుస్తుల్లోకి నీరు నిండకుండా నడుమున పటకా బిగించాలి. వెనుకకు ఎగిరే కొక్కెం కంటికి తగలకుండా కళ్లద్దాలు తప్పనిసరి. ఇవన్నీ చాలామంది నిర్వాహకులు ఎలాగూ రాస్తారు. నేను పట్టుబట్టేది మరొక నియమం కోసం. భయం వేసి ఒడ్డెక్కిన పిల్లవాడు ఓడిపోకూడదు. ఒక వంతులో నీరు పెరిగిందని ఒకరు చేయెత్తితే, ఆ భాగం మొత్తంలో ఈల మోగాలి, అందరూ బయటకు రావాలి, అందరి గడియారమూ ఆగాలి. మిగిలినవారు పడుతూ ఉండగా తానొక్కడే ఒడ్డున నిలవాల్సి వస్తే ఏ పిల్లవాడూ చేయెత్తడు. ఈల ఊదే అధికారం కూడా బహుమతితోనూ, ప్రాయోజకులతోనూ సంబంధం లేని వ్యక్తి చేతిలో ఉండాలి. దొంగ కేకలు వేసి ఆట ఆపేవారు ఉండరా అని అడగవచ్చు. ఉంటారు. ఆ నష్టం భరించదగినదే.

చీట్లు వేయడానికి ముందురోజు ఆ అధికారి ఏరంతా స్వయంగా దిగి చూడాలి. లోతైన సుడి ఉన్న వంతు, ఒడ్డెక్కే దారి లేని వంతు కనబడితే వాటిని చీట్లలోంచి తీసివేయాలి. అక్కడే పెద్ద చేపలున్నాయని స్థానికులు ఎంత చెప్పినా వినకూడదు. ఇరవై వంతులు అనుకున్నచోట పద్దెనిమిదే మిగిలితే, పద్దెనిమిది మంది పిల్లలనే నీటిలోకి పంపాలి.