వెన్నునీటి పరీక్ష నాన్నగారికి చేయించాలా?

"అమెరికా నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడండీ. వెన్నులో నీరు తీసి పరీక్ష చేస్తే మతిమరుపు జబ్బు వస్తుందో రాదో ముందే తెలుస్తుందట, వాళ్ల నాన్నకు చేయించమంటున్నాడు." ఉయ్యూరు చుట్టుపక్కల కుటుంబాల వారు ఈ మాట అడిగినప్పుడు మేము ముందుగా అడిగేది ఒక్కటే: ఆయనకు ఇప్పుడు మరపు ఉందా?

పరీక్ష మంచిదే. అల్జీమర్స్ జబ్బులో అమిలాయిడ్ బీటా 42 అనే మాంసకృత్తు మెదడులో పేరుకుపోతుంది గనుక వెన్నునీటిలో తగ్గుతుంది. టౌ అనే మరొకటి పెరుగుతుంది. మరపు బయటపడడానికి ఎన్నో ఏళ్ల ముందే ఈ మార్పులు మొదలవుతాయి. సూదికి కాళ్లు పడిపోతాయన్న భయం వద్దు. వెన్నుపాము ముగిసిన చోటుకు దిగువన, సిజేరియన్‌కు మత్తు ఇచ్చే ప్రాంతంలోనే గుచ్చుతారు. కొందరికి కొద్దిరోజులు తలనొప్పి రావచ్చు.

అయితే ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దాయనకు దీన్ని చేయించడం మాకు సమ్మతం కాదు. మెదడులో అమిలాయిడ్ ఉండి కూడా చివరిదాకా మతి చెదరనివారు చాలామంది ఉన్నారు. నీటిలో తేడా ఉంటే జబ్బు ఉన్నట్టేనని అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్ నిపుణులు 2024లో అన్నారు. లక్షణాలు లేనివారిని రోగులనవద్దని అదే ఏడాది మరో అంతర్జాతీయ బృందం వాదించింది. లక్షణాలు లేనివారికి వైద్యంలో భాగంగా ఈ పరీక్ష చేయవద్దని మొదటివారు కూడా చెప్పారు. కాగితం మీద ఆ ఒక్క మాట పడితే ఇంట్లో ఏమవుతుంది? పొలం పాస్‌బుక్కు, బ్యాంకు పుస్తకం ఆయన చేతిలోంచి పోతాయి. ఆయన చెప్పే ప్రతి మాటా మతిమరుపు కిందే జమ అవుతుంది. అసలు ఈ పరీక్ష కావాలా అని ఆయనను ఎవరూ అడగరు!

తెలిసిన దారి మరచిపోవడం, డబ్బు లెక్క తప్పడం వంటివి ఉంటే సంగతి వేరు. ముందు బి12, థైరాయిడ్, దిగులు, వినికిడి చూడాలి. వీటిలో లోపాలకు వైద్యం ఉంది. అప్పటికీ అనుమానం తీరకపోతే, ముఖ్యంగా వయసు తక్కువైతే, న్యూరాలజిస్టు చెప్పిన మీదట వెన్నునీటి పరీక్షకు వెనుకాడవద్దు.

హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా కనబడింది. చదువురానివారిలోనూ ఆ తేడా ఉంది. ఇది ఏ సూదికీ అందని సంగతి. బీపీ, షుగరు, పొగాకు, చెవుడు సంగతి చూసుకోవడం మన చేతిలోనే ఉంది.

రక్తపరీక్ష కూడా వచ్చిందట గదా అంటారేమో. అమెరికా ప్రభుత్వం 2025 మే నెలలో ఒకదానికి అనుమతి ఇచ్చింది, అదీ లక్షణాలు ఉండి 55 ఏళ్లు నిండినవారికే.