వాడ ముచ్చట్లు – 9: దండెం మీది చావుకు 'అజాగ్రత్త' అని పేరు

పోయిన వానకాలం రామగుండం దగ్గర ఒక ఊర్ల, మా మాదిగవాడల చావుకాడికి పోయిన. ఇనుప తీగ దండెం మీద తడి బట్టలు ఆరేస్తుంటే పోయింది ఆ అక్క. దండెం ఒక కొస రేకుల ఇంటి పైపుకు కట్టి ఉన్నది. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు రేకు అంచుకు రాసుకుని రాసుకుని తొడుగు పోయింది. రేకు, పైపు, దండెం అన్నిట్ల కరెంటే. తెల్లారి పేపర్ల రెండు లైన్లు: అజాగ్రత్తగా బట్టలు ఆరేస్తూ మహిళ మృతి.

ఎవరి అజాగ్రత్త?

ఆ ఇంటి ముంగట నిలబడితే ఎన్టీపీసీ చిమ్నీలు కనబడుతయి. 1983ల మొదలైన ప్లాంటు, 2600 మెగావాట్లు. సింగరేణి బొగ్గు, గోదావరి నీళ్లు. ఆ కరెంటు తమిళనాడు, కర్ణాటక దాకా పోతది. గోదావరి అవతల, పాత ఆదిలాబాద్ జిల్లా జైపూర్ల సింగరేణిదే ఇంకో 1200 మెగావాట్ల ప్లాంటు. ఇంత కరెంటు పుట్టే జాగల మా వాడకు మాత్రం అతుకుల వైరు.

"మీటరు దాటినంక మాకు సంబంధం లేదు" అన్నడు వచ్చిన సారు. సారూ, తొడుగు పోయిన వైరు మీటరుకు ముందటిది. అది మీది. 2002ల సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసుల తేల్చి చెప్పింది: ప్రమాదకరమైన కరెంటును సరఫరా చేసేటోళ్లదే బాధ్యత, వాళ్ల నిర్లక్ష్యం రుజువు కాకున్నా పరిహారం కట్టాలె.

ఇగ మీటరు లోపలి సంగతి. ఎండకాలం రేకు కూలర్ పట్టుకుని పోయిన పిల్లలు ఎంతమంది! మూడు రంధ్రాల సాకెట్ల పెద్ద రంధ్రం ఎర్త్‌ది. మా ఇండ్లల్ల చూడున్రి, చానా జాగల దాని వెనుక వైరే ఉండదు. ఎమ్‌సీబీ ఉన్నది కదా అంటరు. అది కాపాడేది వైరును, మనిషిని కాదు. ఆంపియర్ల పదో వంతు చాలు గుండె ఆగడానికి, అంత చిన్న కరెంటుకు ఎమ్‌సీబీ కదలదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. కరెంటు పక్కదారి పట్టి భూమిలకు కారంగనే కోసేస్తది. అయితే 2010 నుంచి 2023 దాకా నడిచిన కేంద్ర భద్రతా నిబంధనల్ల, 5 కిలోవాట్ల లోపు ఇండ్లకు అసొంటి రక్షణ తప్పనిసరి కాదు. రెండు బల్బులు, ఒక ఫ్యాన్, ఒక కూలర్ ఉన్న ఇల్లు అండ్లకే వస్తది. బంగళాకు తప్పనిసరి, గుడిసెకు మినహాయింపు!

ఎస్సీ, ఎస్టీ ఇండ్లకు 101 యూనిట్లు ఉచితమన్నరు. 2024ల గృహజ్యోతి కింద 200 యూనిట్లు అన్నరు. మంచిదే, వద్దనను. కాని అవి బిల్లును చూసినయి, వైరును చూడలె.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్ల కరెంటు వ్యవహారాలు చూసింది బాబాసాహెబే. కరెంటు చౌకగ, పుష్కలంగ, ప్రభుత్వం చేతుల్ల ఉండాలన్నడు. ఆయన విగ్రహానికి సీరియల్ లైట్లు కట్టే మనం, ఆ విగ్రహం ఎనుక ఇండ్లకు ఎర్త్ ఉన్నదా అని ఎన్నడన్న అడిగినమా?

తమ్ముండ్లు, చెల్లెండ్లు, ఈ ఎండకాలం సెలవుల్ల మీ వాడ తిరుగున్రి. రేకులకు తాకే సర్వీసు వైర్ల ఫోటోలు తీయున్రి, రాతపూర్వకంగ ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోన్రి. ఇనుప దండేలు తీసి నైలాన్ తాళ్లు కట్టున్రి. ఎవరికన్న షాక్ కొడితే ముట్టకున్రి, ముందు మెయిన్ బంద్ చేయున్రి. చావు జరిగితే వైరు మార్చకముందే ఫోటో తీయున్రి. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణకు పట్టుబట్టున్రి.

ఇంటింటికి ఎర్త్, ఇంటింటికి ఆర్‌సీసీబీ, సర్కారు ఖర్చుతోటే. ఇది దయ కాదు, హక్కు. అప్పటిదాకా 'అజాగ్రత్త' అనే మాట మా శవాల మీద రాయకున్రి.

జై భీమ్.