మల్చింగ్ షీట్ల సిఫార్సుకు ముందు స్నిగ్ధత పరీక్ష అవసరం

కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పల వంటి గ్రామాల రైతులకు జీవవిచ్ఛిన్నశీల మల్చింగ్ షీట్లను నేలలో కలిసిపోతాయన్న ఒక్క గుణం చూసి సిఫార్సు చేయడం తగదు.

ఈ షీట్లలో తరచుగా పాలీలాక్టిక్ ఆమ్లం, పి.బి.ఎ.టి. అనే పాలిమర్ల మిశ్రమాన్ని వాడతారు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ రెండింటి స్నిగ్ధత తగ్గుతుంది, కానీ సమానంగా కాదు. ఈ వ్యత్యాసం హెచ్చితే మిశ్రమం సరిగా కలవదు. తేమ ఆరని ముడిసరుకును అధికంగా వేడిచేస్తే పాలిమర్ గొలుసులు తెగి, చల్లారినా స్నిగ్ధత తిరిగి రాదు. అట్టి షీటు పంట మధ్యలోనే చినుగుతుంది, నష్టం రైతుదే.

కావున 190 డిగ్రీల సెల్సియస్ వద్ద ముడిసరుకుకు, తయారైన షీటుకు మెల్ట్ ఫ్లో ఇండెక్స్ కొలిచి పోల్చాలి. షీటు విలువ బాగా పెరిగితే తయారీలోనే అది దెబ్బతిన్నట్లు. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ వివరాన్ని కోరి, 40 డిగ్రీలు దాటే స్థానిక వేసవిలో షీటును పరీక్షించిన పిదపనే సిఫార్సు చేయాలి.